ముప్పావు వోల్టేజి

నారిన్‌లో సాయంత్రం ఆరైతే
వీధి వీధంతా హీటర్లు పెట్టుకుంటుంది,
బల్బులన్నీ ఒక్కసారిగా
కామెర్లొచ్చిన కళ్ళవుతాయి.

ఎసెన్‌కుల్ తాత అప్పుడే వచ్చాడు,
చంకలో హీటరు, టోపీ మీద మంచు.
"అక్టోబరులో నువ్వే చుట్టావు ఈ తీగ.
ఎర్రబడటం మానేసింది.
నాసిరకం వేశావు, ఒప్పుకో."

బురుల్కాన్ ఒప్పుకోలేదు, కోప్పడలేదు.
పియాలాలో టీ పోసి ఆయన ముందుకి తోసి
సోవియట్ కాలం నాటి మీటరు దించింది.
దాని గాజు మీద గోటితో రెండుసార్లు కొట్టాలి,
లేకపోతే ముల్లు నిజం చెప్పదు.

నూట అరవై అయిదు వోల్టులు.
ఒక తీగ విప్పి, మీటరును మధ్యలో కలిపితే
మూడు ఆంపియర్లు, మీద నాలుగు పదోవంతులు.
నాకేసి చూసింది, భాగించమని.
పంచదార పొట్లం కాగితం మీద భాగించాను:
నలభై ఎనిమిదిన్నర ఓములు.

మేకుకి వేలాడే నోటుబుక్కు తిరగేసింది.
అక్టోబరు. ఎసెన్‌కుల్. నలభై ఎనిమిదిన్నర.
"తీగ మారలేదు తాతా.
ఎవరెంత గట్టిగా నెట్టినా, మెల్లగా నెట్టినా
అది అడ్డుపడేది అంతే."

ఆయన టీ తాగలేదు.
"వోల్టేజి పావువంతు పోయిందంటావు, సరే.
వేడి కూడా పావువంతే పోవాలి కదా?
మరి నా వరండాలో చలి సగానికొచ్చి కూర్చుందేం?"

ఆ ప్రశ్నకి ఆమె ముఖం వెలిగింది,
ఆ గదిలో బల్బు వెలగనంతగా.

"నెట్టే బలం ముప్పావు.
అది తగ్గింది కనక ప్రవాహమూ ముప్పావే.
వేడి ఆ రెండిటి గుణకారం.
ముప్పావులో ముప్పావు!
మూడు మూళ్ళు తొమ్మిది, నాలుగు నాలుగులు పదహారు.
పదహారు పారల బొగ్గు పడాల్సిన పొయ్యిలో
తొమ్మిదే పడుతున్నాయి."

బొగ్గు పార అంటే ఆయనకి తెలుసు.
"మిగతా ఏడూ ఎవరు తిన్నారు?"
"వీధి," అంది. "నేను కూడా."

అప్పుడు బయటపెట్టాడు అసలు సంగతి.
నిన్న కవల గొర్రెపిల్లలు పుట్టాయట.
తల్లి ఒకదాన్నే నాకుతోందట.
"తీగ కత్తిరించు. పొట్టి చెయ్యి. ఎర్రబడాలి."

కత్తెర తీసింది,
తీసిన కత్తెర బల్ల మీద పెట్టి నా పెన్సిలు లాక్కుంది.
ఈ వోల్టేజికి వెయ్యి వాట్లు రావాలంటే
ఇరవై ఏడు ఓములు చాలు. సాయంత్రానికి భేషుగ్గా ఉంటుంది.
కానీ అర్ధరాత్రి వీధి దుప్పట్లలోకి దూరుతుంది,
హీటర్లు ఆరతాయి, రెండువందల ఇరవై తిరిగొస్తుంది,
ఎనిమిది ఆంపియర్లు,
దాదాపు పద్దెనిమిది వందల వాట్లు
మీ తమ్ముడు లాగిన ఆ సన్నటి అల్యూమినియం తీగలోంచి.
కింద ఎండుగడ్డి.

ఆ అంకె కింద ఒక గీత గీసింది. వివరించలేదు.
ముసలాయన గీతనే చూశాడు చాలాసేపు.

తీగ తెగలేదు.
చుట్టలో సగానికి కాస్త అవతల ఇత్తడి పట్టీ బిగించి
పాడైన స్టవ్వు నుంచి ఊడదీసిన మీట తగిలించింది.
"బల్బు పచ్చగా ఉన్నంతసేపూ ఇటు.
తెల్లబడిందా, అటు తిప్పు. నిద్రపోకు."
"నిద్రెక్కడ, గంటకోసారి పాలు పట్టాలి."

కురుత్ ఉండలు నాలుగు బల్ల మీద పెట్టి వెళ్ళాడు.
తలుపు మూసుకోగానే
బురుల్కాన్ మన హీటరు ప్లగ్గు పీకేసింది.
మీటరు ముల్లు వెంట్రుకవాసి లేచింది.
అర వోల్టు కూడా కాదు.
"రాసుకో," అంది, శాలువా బిగించుకుంటూ.

పన్నెండున్నరకి మా బల్బు తెల్లబడింది.
లేచి కిటికీ మంచు గీకి చూశాను.
సందు చివర వరండాలో ఎరుపు భగ్గుమంది.
లెక్కపెట్టడం మొదలుపెట్టాను, ఊపిరి బిగబట్టి.
ఒకటి. రెండు.
తొమ్మిది దగ్గర ఎరుపు తగ్గింది.
ఎవరో పాలసీసా దీపానికి ఎత్తి చూస్తున్నారు,
ఎంత మిగిలిందోనని.